పేరంటాలికి చీర

పల్నాడు వెళుతున్నానంటే మా తెనాలిలో నన్ను కాశీకి సాగనంపినట్టే సాగనంపారు. "అక్కడ నీళ్లు దొరకవు, కూజా పట్టుకెళ్లు" అన్నది పక్కింటి పిన్నిగారు. "ఆ కారం తింటే కళ్లు బైర్లు కమ్ముతాయి టీచరుగారూ" అన్నది మా బడి ఆయా. మా హెడ్‌మిస్ట్రెస్ గారు మాత్రం నోటితో ఏమీ అనకుండా, నడివేసవిలో రెంటచింతల పోయేవాళ్లకి మతి ఉంటుందా అన్నట్టు ఒక చూపు చూశారు. పది రోజుల తర్వాత రెండు కళ్లతోనే తిరిగొచ్చాను. కూజా మాత్రం రాలేదు. అది నరసరావుపేట స్టేషన్లోనే పగిలిపోయింది.

ఎందుకు వెళ్లానో చెప్పాలంటే ముందు ఒక గుట్టు విప్పాలి. రెండేళ్లుగా ఈ పత్రికలో ఒక శాస్త్రిగారి పేరుతో వస్తున్న మంత్రాల నవల రాస్తున్నది నేనే. చిన్నతనంలోనే బొట్టు పోగొట్టుకుని, చదువుకుని, ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పుకుంటున్నదాన్ని. నా పేరు పెడితే యక్షిణుల సంగతి దీనికేం తెలుసంటారు. బడిలో తెలిస్తే ఉద్యోగానికే ఎసరు. అందుకని శాస్త్రిగారిని పుట్టించాను. ఆయనకి పాఠకులు చేసిన మర్యాద అంతా ఇంతా కాదు. ఉత్తరాల్లో సాష్టాంగ నమస్కారాలు కూడా పెట్టేవారు. అవన్నీ నేను వంటింట్లో పీట మీద కూర్చుని అందుకునేదాన్ని.

నవలలో మాటలకి అర్థాలు చెప్పమని పాఠకులు అడిగితే, ప్రతివారం చివర నాలుగైదు మాటలు విప్పి చెప్పడం మొదలుపెట్టాను. బ్రహ్మరాక్షసుడు ఎందుకవుతాడు, కొరివిదయ్యం ఎక్కడ తిరుగుతుంది, జిన్ను దేనికి లొంగుతుంది, ఇలాంటివి. వాటిలో కొన్ని నిఘంటువులోవి, కొన్ని మా అమ్మమ్మ చెప్పినవి, తక్కినవి నా బుర్రలోవి. ఈ మూడో రకమే ఎక్కువని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పిశాచాల పేర్లన్నీ అయిపోయిన ఒక వారం పేరంటాలు అనే మాట మీద పడ్డాను. ముత్తైదువగా కన్నుమూసిన ఇంటి ఆడదాన్ని దేవతగా నిలుపుకుని, ఏడాదికోసారి చీర పెట్టుకుంటారని నాకు తెలియక కాదు. అంత మెత్తని మాటకి కాస్త భయం అంటిస్తే భలేగా ఉంటుందని బుద్ధి పుట్టింది. "పేరంటాలు: ఆశ తీరకుండా పోయిన ఇల్లాలు. ఆ ఇంట పుట్టిన పసిబిడ్డ మీదే ఆమె కన్ను. బిడ్డను ఆమె ఎదుటికి తీసుకుపోరాదు" అని రాసి పారేశాను. రాసి, కాఫీ కలుపుకుని తాగాను.

కొన్ని నెలలకి రెంటచింతల నుంచి శాస్త్రిగారికి ఉత్తరం వచ్చింది. రాసింది రాయప్ప అనే బడిపంతులు. చెప్పి రాయించింది గురజాల దగ్గర పల్లెలో ఉండే వీరమ్మ అనే పెద్దావిడ. వీరమ్మగారి అన్న కూతురు సుబ్బులు తల్లీతండ్రీ లేని పిల్ల. ఆ పిల్లని పెంచి, తన కొడుకు కోటయ్యకే చేసుకుంది. నాలుగేళ్ల కిందట సుబ్బులు జ్వరంతో పోయింది. ఆమెనే ఇంటి పేరంటాలుగా నిలుపుకున్నారు. కోటయ్యకి రెంటచింతల పిల్ల రాజ్యంతో మళ్లీ పెళ్లయింది. రాజ్యం పురిటికి పుట్టింటికి వెళ్లి ఆడపిల్లని కన్నది. బిడ్డ అత్తారింటికి రాగానే ముందు పేరంటాలికి చూపించి, ఆ తర్వాతే పేరు పెట్టడం ఆ ఇంటి ఆచారం. సరిగ్గా అప్పుడే నా అర్థం అచ్చయింది. రాజ్యం తల్లి నాగమ్మ అది విని, బిడ్డని పంపనంటే పంపనని కూర్చుంది. ఏడో నెల వచ్చినా పిల్లకి పేరు లేదు.

"నేను సాకిన పిల్లని దయ్యం చేసిన పెద్దమనిషి ఎవరో తానే వొచ్చి, మళ్లీ మనిషిని చేసి పొమ్మనండి" అని ఉత్తరం చివర ఉంది. ఆ వాక్యం చదివాక ఆ వారం నేను నవల రాయలేకపోయాను. శాస్త్రిగారు వస్తున్నారని జవాబు రాసి, సెలవులివ్వగానే పెట్టె సర్దాను.

నరసరావుపేట

మాచర్ల పోయే చిన్నరైలు వేళ కుదరక ఈ దారి పట్టాను. రైలు దిగుతుంటే వెనకాల ఎవరిదో మిరపకాయల బస్తా తగిలి కూజా పోయింది. బస్తా ఆయన నొచ్చుకుని, కూజా బదులు దోసెడు ఎండుమిరపకాయలు నా సంచిలో పోయబోయాడు. వద్దంటే ఊరుకోడు. నీళ్లకి బదులు మిరపకాయలా అని నాకు నవ్వాగలేదు.

హోటల్లో అణాకి రెండు ఇడ్లీ. మా ఊళ్లో ఇడ్లీకి తోడుగా పచ్చడి వేస్తారు. ఇక్కడ పచ్చడికి తోడుగా ఇడ్లీ పెట్టారు. ఒక ముద్ద తిని నాలుగు గ్లాసుల నీళ్లు తాగాను. వడ్డించేవాడు జాలిపడి పంచదార తెచ్చిపెట్టాడు. యుద్ధం ముగిసినా పంచదారకి కరువు తీరని రోజుల్లో అది చిన్న ఉపకారం కాదు.

ఇక ప్రశ్నలు. "ఒక్కదానివేనామ్మా? మగదిక్కెవరూ రాలేదా? ఏ ఊరు? ఎవరి తాలూకు?" మా వైపు ఈ ప్రశ్నలు పక్కవాళ్లని అడిగి కనుక్కుంటారు. ఇక్కడ మొహం మీదే అడుగుతారు. మొదట చిరాకేసింది గానీ, సాయంత్రానికి ఇదే నయమనిపించింది. అడిగిన ప్రతివాళ్లూ నాకు కూర్చోడానికి చోటిచ్చారు.

బొగ్గు బస్సు

పెట్రోలు దొరక్క యుద్ధంలో బస్సులకి వెనక బొగ్గుల పొయ్యి తగిలించారు కదా, ఈ దారిలో ఇంకా అదే నడుస్తున్నది. డ్రైవరు దస్తగిరి ఎత్తు వచ్చినప్పుడల్లా దిగి, పొయ్యిలో బొగ్గు కుక్కి, చక్రం తిప్పి ఊదేవాడు. నిప్పురవ్వలు లేచి నా తెల్లచీరకి మూడు చిల్లులు పెట్టాయి. పిడుగురాళ్ల దాటాక ఆ పొయ్యి కూడా చల్లారింది. మగవాళ్లు బస్సు తోశారు. ఆడవాళ్లం ఒక సున్నపు బట్టీ పాక నీడన చేరాం.

నాకు నాలుక పిడచకట్టుకుపోతున్నది. దస్తగిరి తన తోలుసంచి చేత్తో పట్టుకుని, ఇవ్వాలా వద్దా అని చూస్తున్నాడు. "పంతులమ్మా, మా నీళ్లు తాగుతారా?" అని అడిగాడు. తాగాను. అంత తియ్యని నీళ్లు మా కృష్ణ కాలవలో కూడా తాగలేదు.

ఊరికే కూర్చోలేక, జిన్నుల గురించి నీకేమైనా తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు.

"మన మాదిరే గదా పంతులమ్మా. వాళ్లల్లో నమాజు చేసేవాళ్లుంటారు, చెయ్యనోళ్లుంటారు. పిల్లలూ జెల్లలూ ఉంటారు. మా నాయన బండి తోలేటప్పుడు మనుషులు లేని చోట దిగితే, ముందు సలాం చెప్పి దిగేవాడు. వాళ్ల ఇంట్లోకి పోతున్నాం గదా మరి."

"సీసాలో పెట్టి బిరడా బిగిస్తే చెప్పినట్టు వింటాయంటారే?"

"ఎవరన్నారట్టా?"

నేనే అన్నాను, అచ్చులో. ఆ మాట గొంతులోనే మింగేసి పొయ్యి సంగతి ఏమైందని అడిగాను.

గురజాల దాటి మూడు మైళ్లు

గురజాలలో కోటయ్య రెండెద్దుల బండి కట్టుకొచ్చాడు. నన్ను దాటుకుని బస్సంతా వెతికి, "శాస్త్రిగారు దిగలేదాండీ?" అని దస్తగిరిని అడిగాడు. శాస్త్రిగారూ నేనూ ఒక్కటేనని చెప్పడానికి నాకు అరమైలు పట్టింది. నమ్మడానికి ఆయనకి రెండు మైళ్లు పట్టింది. మిగతా అరమైలు ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఈ ఊళ్ల ఇళ్లు చూడాల్సిందే. గోడలకీ కప్పుకీ కూడా నాపరాళ్లే. మేం తాటాకు వేసేచోట వీళ్లు రాతిపలక పరుస్తారు. ఊరి మొదట్లో పసుపు పూసిన రాయి ఒకటుంది. పోతురాజన్నాడు కోటయ్య. నా అర్థాల్లో పోతురాజు నెత్తురు తాగే రాక్షసుడు. "ఆయన అమ్మవారి తమ్ముడండీ. అక్కకి కాపలా" అన్నాడు కోటయ్య మామూలుగా, పొరుగింటాయన్ని పరిచయం చేసినట్టు.

వీరమ్మగారు అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటారు. కొడుకు చెప్పింది విని నన్ను పైనుంచి కిందికి చూశారు.

"నువ్వా రాసింది?"

"నేనేనండీ."

"ఆడదానివై ఉండి, ఎట్టా రాశావమ్మా?"

సమాధానం చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. "ముందు తిను. తిన్నాక తిడతా."

జొన్నరొట్టె, గోంగూర, పైన ఇంత వెన్న. కారానికి కళ్లనీళ్లు కారుతున్నాయి. అవి కారానివేనని వాళ్లనుకున్నారు. నేనూ అలాగే ఉండనిచ్చాను.

తర్వాత నన్ను పక్కగదిలోకి తీసుకెళ్లారు. గోడలో ఒక గూడు, అందులో మడతపెట్టిన చీర, రెండు గాజులు, పసుపు భరిణె, ప్రమిద. అంతే. నేను రెండేళ్లుగా రాసిన గుహల్లో పుర్రెలూ పాములూ బోలెడు. ఇక్కడ భయపడ్డానికి ఏమీ లేదు.

"దీనికి ఆరేళ్లప్పుడు మా అన్నా వదినా పోయారు. అప్పటినుంచి నా పక్కలోనే పడుకునేది" అన్నారు వీరమ్మగారు. "ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా తెచ్చి ఇక్కడ ఒక గడియ ఉంచి పొయ్యేవాళ్లు, సుబ్బులుకి పిల్లలంటే పిచ్చి గదా అని. ఇప్పుడెవరూ రావటంలా." గొంతు తగ్గించారు. "ఇంకోటి చెబుతా, కోటయ్యకి కూడా చెప్పలా. నువ్వు రాసింది ఇన్న తర్వాత ఒకరోజు దీపం పెట్టబోయి, నాకే భయమేసింది. తలుపేసి వొచ్చేశా. నేను సాకిన పిల్లకి నేను భయపడ్డా పంతులమ్మా."

ఆవిడ తిడతానన్నారు కదా, తిట్టలేదు. తిడితే బాగుండేది. మంచంమీద కూర్చుని నేను ఏడ్చాను. ఆవిడే మంచినీళ్లు తెచ్చిచ్చి, "ఏడిస్తే ఏమొస్తది, పొద్దున్నే పోయి నాగమ్మతో చెప్పు, పిల్ల రావాలి" అన్నారు.

రెంటచింతల

రెంటచింతల ఎండ గురించి విన్నవన్నీ నిజమే. గోడ ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మధ్యాహ్నం చర్చి గంట మోగాక వీధిలో కుక్క కూడా తిరగదు. కిటికీలకి తడిగుడ్డలు కట్టుకుని, ఎవరింట్లో వాళ్లు పడుకుంటారు. మేం సంక్రాంతి చలి చెప్పుకున్నట్టు వీళ్లు ఈ ఎండని గొప్పగా చెప్పుకుంటారు.

రాయప్ప మాస్టారి ఇంట్లో దిగాను. ఆయన క్రైస్తవులు, కతోలికులు, మెడలో చిన్న శిలువ. ప్రతివారం పత్రిక రాగానే అరుగుమీద కూర్చుని నవల పైకి చదువుతారట. వీధి వీధంతా వింటుంది. నాగమ్మ ఇల్లు ఎదురుగానే. పేరంటాలి అర్థం ఆమె చెవిన వేసింది మాస్టారి గొంతే. ఆ బాధ ఆయన్ని పట్టుకుంది.

"మేం ఏటా సమాధుల మీద కొవ్వొత్తులు పెడతాం. మా నాన్నకి పెట్టేటప్పుడు ఆయనతో మాట్లాడతా కూడా" అన్నారు. "ఆయన దయ్యమై వొస్తే ముందు నా చెవే మెలిపెట్టాలి. అట్టాంటిది, ఆ రోజు చదువుతూ ఇది తప్పుగదా అని ఒక్కమాట అనలేకపోయా. శాస్త్రిగారు రాశారు గదా అనుకున్నా."

శాస్త్రిని నేనేనంటే నాగమ్మ కొట్టిపారేసింది. ఆమె బలమైన మనిషి, మాట కూడా అంతే. "శాస్త్రిగారు పెద్ద పండితుడు. నాలుగు శాస్త్రాలు చదివినాయన. ఆయన రావాలిగానీ, ఎవరో పంతులమ్మని పట్టుకొచ్చి నాటకమాడిస్తదా మా వదిన? నువ్వు రాశావా? ఏందీ, ఆ యక్షిణి కథంతా నువ్వే?"

"నేనేనమ్మా. పేరంటాలి మాట నేను కల్పించాను. అది అబద్ధం."

"నువ్వు చెప్పేదే అబద్ధం."

నాకు ఒళ్లు మండింది. ఎవరూ నమ్మరనేగా శాస్త్రిగారిని తెచ్చిపెట్టుకున్నాను! ఇప్పుడాయన నన్నే గుమ్మం బయట నిలబెట్టాడు. చిల్లులు పడ్డ చీరతో, పేలిన మొహంతో, నేను నా కంటికే శాస్త్రిగారిలా లేను.

రాజ్యం గుంజ పక్కన నిలబడి ఉంది, బిడ్డని భుజాన వేసుకుని. పద్దెనిమిదేళ్లుంటాయేమో. నేను దిగులుగా వెనక్కి తిరుగుతుంటే నాగమ్మే పిలిచింది, కాస్త తగ్గి.

"నువ్వే రాశావుగదా. అయితే చెప్పు, ఆ గుహలో రాకుమారి చచ్చిందా?"

కథ వినేవాళ్ల ఆత్రం ఆ గొంతులో దాగలేదు. నాకు దారి దొరికింది. ఈ వారం రావాల్సిన భాగం నేను బయల్దేరకముందే పంపేశాను. రేపు కాక ఎల్లుండి టపాలో వస్తుంది.

"చావదు. యక్షిణి మీదికి వస్తుంటే, నీ జుట్టు చిక్కుపడింది, జడవేస్తాను కూర్చో అంటుంది. యక్షిణి తలకి చెయ్యి తగిలి వెయ్యేళ్లయింది. జడ సగంలో ఉండగానే నిద్రపోతుంది."

నాగమ్మ పకపకా నవ్వింది. "యక్షిణికి జడేందే! ఇది రాసినామె కాదుపో. పత్రిక రానీ, చూద్దాం."

రెండు రోజులు కాచుకున్నాను. ఒంటినిండా చెమటకాయలు లేచాయి. మాస్టారి భార్య వేపాకు నూరి పూసింది. మరునాడు పొద్దున రాజ్యం మజ్జిగ తెచ్చే నెపంతో వచ్చింది. రవికె అంచు మీద మెడ చూపించింది. అక్కడ పసుపుతాడు పక్కనే ఒక సన్నని తెల్లగీత ఉంది.

"అక్క బిళ్ల ఇక్కడుండేదండీ. వెండిది. మొదటామె పోయి రెండోదాన్ని చేసుకుంటే, ఆమె పేరుమీద కట్టుకోవాలి మా అత్తగారింట్లో. అమ్మ తెంపి పెట్లో పెట్టింది."

"నీకు భయం లేదా?"

"మొదట్లో ఉండేదండీ, కొత్తగా వొచ్చినప్పుడు. ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తెలవక బిళ్ల పట్టుకుని అక్కతోనే చెప్పుకునేదాన్ని. పొయ్యి అంటుకోవట్లేదక్కా, అత్త కోప్పడిందక్కా అని. ఇప్పుడు ఊరికే మెడ తడుముకుంటన్నా." పిల్ల ఏడిస్తే వెళ్లిపోయింది.

ఈ మాటలు వాళ్లమ్మతో అనమని నేను చెప్పలేదు. అమ్మని ఎదిరించి వెళ్లే పిల్ల కాదు. తల్లి మనసే మారాలి.

పత్రిక శుక్రవారం వచ్చింది. వీధంతా అరుగు చుట్టూ మూగింది. మాస్టారు పత్రిక విప్పారు. సంపాదకులు ఏ పేరా అయినా కత్తిరించారేమోనని నా భయం. యక్షిణి లేచింది. రాకుమారి వెనక్కి నడిచింది. "నీ జుట్టు చిక్కుపడింది" అని మాస్టారు చదవగానే ఆడవాళ్లంతా నా వైపు తిరిగారు. జడ సగమయింది. యక్షిణి నిద్రపోయింది. ఎవరో పిల్లలు చప్పట్లు కొట్టారు.

నాగమ్మ నవ్వలేదు. లేచొచ్చి నా ఎదుట నిలబడింది.

"అయితే నువ్వే."

"నేనే."

"పసిపిల్లలున్న ఇళ్లుంటాయి, ఇనేవాళ్లుంటారు అని అనుకోలా? అచ్చేస్తే నిజమే అనుకుంటాం గదమ్మా మేం. ఏడు నెలలు! నా కూతురు మొగుడికి దూరం, పిల్లకి పేరు లేదు, ఆ ముసలిదాని ఇల్లు చీకటి. నేనేందో పిల్లని కాపాడుతున్నానని రేయింబగలు కాపలా కాశా." అంటూనే కూలబడింది. చెంగుతో మొహం కప్పుకుంది. "ఇప్పుడు మా వదిన మొహం ఎట్టా చూసేది?"

ఆ తిట్లు నాకు న్యాయంగా రావాల్సినవి. తలొంచుకుని తీసుకున్నాను. ఆమె పక్కన కూర్చుని, నేనూ వస్తాను, కలిసే వెళదామన్నాను. చాలాసేపటికి మొహం తుడుచుకుంది. "ఉత్త చేతులతో రాను. ఏడాది చీర పెట్టాల్సిన రోజులే ఇవి. చీర కొనాలి" అన్నది.

బిడ్డని పేరంటాలి ముందు పడుకోబెడతావా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు.

మాచర్ల

చిన్నరైలులో మాచర్ల పోయాం. బట్టలకి ఇంకా కంట్రోలే. రేషను కార్డు ఉంటేనే గుడ్డ. దుకాణాయన పెద్ద వయసు ముసల్మాను, గడ్డానికి గోరింటాకు. నాగమ్మ కార్డు తిప్పి చూసి, "మీ ఇంటి గుడ్డ తీసుకున్నారుగా తల్లీ. ఇప్పుడెవరికి?" అన్నాడు.

"మా పెద్దమ్మాయికి" అన్నది నాగమ్మ.

"కార్డులో ఒక్క పిల్లే ఉంది, అదీ పెళ్లయి పోయింది. పెద్దమ్మాయి పేరు లేదే?"

"లేదయ్యా. పోయింది."

ఆయన కార్డు మడిచి ఇచ్చేశాడు. లోపలికి వెళ్లి ఒక మూట తెచ్చి విప్పాడు. కంట్రోలు రాకముందువట, ఇంటి ఆడపిల్లల కోసం దాచుకున్న చీరలు. ఏ రంగు కావాలన్నాడు. నాగమ్మ నన్ను చూసింది. నాకేం తెలుసు! నలభై రకాల పిశాచాలకి అర్థాలు రాసినదాన్ని, ఒక్క సుబ్బులుకి ఏ రంగు ఇష్టమో అడిగి తెలుసుకోలేదు. చివరికి నాగమ్మే వంకాయరంగు తీసింది. కొంగు చేతిమీద వేసుకుని చాలాసేపు చూసింది. ధర కూడా ఆయన పాతదే తీసుకున్నాడు.

బయటికొచ్చాక నాతో, "పెద్దమ్మాయని అన్నానని ఏమనుకోమాకు. అట్టా అంటేగానీ ఇయ్యడని అన్నా" అన్నది. చీర మాత్రం నాకివ్వకుండా రైలంతా తన ఒళ్లోనే పెట్టుకుంది.

మళ్లీ వీరమ్మగారి ఊరు

మర్నాడు పొద్దున్నే బండిలో బయల్దేరాం. నాగమ్మ, రాజ్యం, బిడ్డ, నేను. కబురందుకుని వచ్చి బండి తోలింది కోటయ్య. పది అడుగులకోసారి వెనక్కి తిరిగి పిల్లని చూసుకుంటూ రెండుసార్లు ఎద్దుల్ని దారి తప్పించాడు. రాజ్యం మెడలో బిళ్ల ఉంది. బయల్దేరేముందు నాగమ్మే పెట్టె తీసి, చేత్తో ఇవ్వకుండా మంచం మీద పెట్టిందట. రాజ్యం కట్టుకుంది.

వీరమ్మగారు వీధిలోకి రాలేదు. గుమ్మంలోనే నిలబడి, "రా వదినా" అన్నారు, నిన్ననే వచ్చి వెళ్లిన మనిషిని పిలిచినట్టు. నాగమ్మ చంకలోంచి బిడ్డని ఇవ్వలేదు. ఆవిడా చెయ్యి చాచలేదు.

వాళ్లింట్లో చీర పెట్టే తీరు ఇలా ఉంటుంది. ఒక ముత్తైదువని పేరంటాలి బదులు గూటి కింద పీటమీద కూర్చోబెడతారు. కాళ్లకి పసుపు రాసి, బొట్టుపెట్టి, ఆ చీర కట్టించి, భోజనం పెడతారు. పీట మీద ఉన్నంతసేపూ ఆమెని సుబ్బులనే అనుకుంటారు. కొత్తబిడ్డ ఉంటే ఆమె ఒళ్లోనే పెడతారు. చివర "సంతోషమేనా తల్లీ?" అని అడుగుతారు. ఆమె "సంతోషమే" అని లేస్తుంది. ఏటా వీధి చివరి ఆడపడుచెవరో కూర్చునేదట. ఈ ఏడు ఆమె భయపడి రానన్నది.

"ఎవరు కూర్చుంటారత్తా మరి?" అన్నది రాజ్యం.

వీరమ్మగారు నాగమ్మ వైపు చూశారు. "నువ్వు కూర్చో వదినా."

నాగమ్మ మొహం పాలిపోయింది. "నేనా? ఇన్ని మాటలన్నదాన్ని. నేనెట్టా?"

"నువ్వే. దానికి తల్లి లేదు. తెచ్చిన చీర నీ చేతిదేగా."

నాగమ్మ బిడ్డని గట్టిగా అదుముకుంది. వద్దని లేచి వెళ్లిపోతుందనే అనుకున్నాను. వెళితే ఇక ఆ రెండిళ్లూ కలవవు, అది రాసిన చెయ్యి నాది. నా జీవితంలో దేవుణ్ణి అంత గట్టిగా తలుచుకున్న గుర్తు లేదు. నాగమ్మ బిడ్డ తలమీద ఒకసారి ముద్దుపెట్టి, రాజ్యం చేతికిచ్చి, చీర తీసుకుని లోపలికి వెళ్లింది.

వంకాయరంగు చీరలో వచ్చి పీటమీద కూర్చుంది. రాజ్యం తల్లి కాళ్లకి పసుపు రాసింది, బొట్టు పెట్టింది. కాళ్లకి దణ్ణం పెట్టుకుని "అక్కా" అన్నది. విస్తరి వేశారు. నాగమ్మ మూడు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది. వీరమ్మగారూ నేనూ బొట్టు లేనివాళ్లం, గడప ఇవతలే నిలబడ్డాం. ఆవిడ చెయ్యి నా చేతిని ఎప్పుడు పట్టుకుందో తెలియదు.

రాజ్యం బిడ్డని తెచ్చి ఒళ్లో పెట్టింది. పిల్ల ఆ కొత్తచీర కొంగు పట్టుకుని నోట్లో పెట్టుకుంది. నాగమ్మ రెండు చేతులూ చుట్టూ వేసింది. ఇక అడగాల్సిన మాట అడగాలి. రాజ్యం నోరు తెరవబోయేంతలో వీరమ్మగారు నా చెయ్యి వదిలేసి గడప దాటారు. పీట ముందు నేలమీద కూర్చుండిపోయారు.

"సుబ్బులూ" అన్నారు. "నా మీద కోపం లేదుగా అమ్మా?"

అది అడగాల్సిన మాట కాదు. నాగమ్మకి ఏమనాలో ఎవరూ చెప్పలేదు. ఆమె ముసలావిడ మొహంలోకి చూసింది, ఒళ్లో పిల్లని చూసింది. కళ్లనీళ్లు బుగ్గల మీదుగా కారి కొత్తచీర మీద పడుతున్నాయి.

"లేదత్తా" అన్నది. "నా బిడ్డ ఇంటికొచ్చిందిగా."